బ్రాయిలర్ దాణాలో మునగాకు పొడి: కొమ్మ నరకడం నుంచి కాంటా దాకా

2021లో, దాణాలో ప్రోటీన్ కోసం వేసే సోయా చెక్క ధర చిన్న రైతుకు చుక్కలు చూపించింది. ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడు మా నర్సంపేట వైపు దాణా సొంతంగా కలుపుకునేవాళ్లను ఎవరిని కదిలించినా ఒకటే మాట: “గట్ల మీద మునగ చెట్లున్నయ్ కదా, ఆకు ఎండబెట్టి దాణాల కలిపితే అయిపాయె.”

నేనూ కలిపాను. మొదటిసారి 100 కిలోల దాణాలో ఏకంగా 10 కిలోల మునగాకు పొడి వేశాను. వారం తిరిగేసరికి ఫీడర్లలో మేత మిగిలిపోవడం మొదలైంది. ఊక తడి తడిగా మారింది. 35వ రోజు తూస్తే ఒక్కో కోడి అంతకుముందు బ్యాచ్ కంటే 200 గ్రాముల పైనే తక్కువ తూగింది. ఆకు మంచిదే, నేను వేసిన లెక్క తప్పు. తర్వాత 3 కిలోలకు దిగి, నూనె సర్ది, విడిగా 50 కోళ్ల మీద పరీక్షించి చూసుకున్నాక పని కుదిరింది. అది ఎలా చేయాలో మొదటి నుంచి చెబుతాను.

ముందు మీకు పనికొస్తుందో లేదో చూసుకోండి

మన వరంగల్, జనగామ, సిద్దిపేట, కరీంనగర్ వైపు బ్రాయిలర్ షెడ్లలో చాలావరకు కంపెనీ ఒప్పందం మీద నడిచేవే. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కష్టం రైతువి. మీది అలాంటి షెడ్డయితే ఈ పని జోలికి రావద్దు. కంపెనీ దాణాలో బయటి పొడి కలపడం ఒప్పందానికి విరుద్ధం, పైగా ఆ గుళికల మీద పొడి చల్లినా కోళ్లు గుళికలు ఏరుకుని పొడిని అడుగున వదిలేస్తాయి.

సొంతంగా పిల్లలు తెచ్చుకుని, మక్కలు (మొక్కజొన్న) కొని ఆడించుకుని, దాణా కలుపుకునే 200 నుంచి 1,000 కోళ్ల రైతుకు ఇది పనికొస్తుంది. అదీ ఆకు సొంత చెట్లదై, ఒలవడానికి ఇంటి మనుషులు ఉంటేనే. ఆరోగ్యం కోసం డబ్బాల్లో అమ్మే మునగాకు పొడి కొని కోళ్లకు పెడితే నష్టం తప్ప ఇంకేమీ ఉండదు.

ఆకులో ఏముంది, ఏం లేదు

బాగా ఎండిన మునగాకు పొడిలో ప్రోటీన్ 25 నుంచి 28 శాతం దాకా ఉంటుంది. మక్కల్లో ఉండేది 9 శాతం, సోయా చెక్కలో 45, 46. ఇది చూసే అందరం మోసపోతాం. ప్రోటీన్ ఉంది కానీ శక్తి తక్కువ. కిలో మక్కలు కోడికి 3,300 కిలో కేలరీల దాకా శక్తిని ఇస్తాయి. మునగాకు పొడి ఇచ్చేది సుమారు 2,000. పీచు కూడా ఎక్కువ. బర్రె పొట్టలో లాగా కోడి పొట్టలో పీచును అరిగించే ఏర్పాటు లేదు. బ్రాయిలర్ కోడి ఆరు వారాల్లో రెండు కిలోలు దాటాలి. దాని పొట్ట చిన్నది, తినే ప్రతి ముక్కలో బలం ఉండాలి. ఆకు ఎక్కువైతే పొట్ట నిండుతుంది, ఒళ్లు నిండదు. నా మొదటి బ్యాచ్‌లో జరిగింది సరిగ్గా ఇదే.

ఆకుతో వచ్చే లాభాలూ ఉన్నాయి. కాల్షియం సుమారు 2 శాతం ఉంటుంది. పసుపు రంగునిచ్చే పదార్థాలు బాగా ఉంటాయి కాబట్టి కాళ్లు, చర్మం పసుపు పచ్చగా తేలతాయి. ప్రాణంతో ఉన్న కోడిని చూసి కొనే ఊరి గిరాకీ ముందు కాళ్లే చూస్తుంది.

మునగాకు పెడితే టీకాలు అక్కర్లేదని ఎవరైనా చెబితే వినకండి. మొదటి వారంలో లసోటా (కొక్కెర తెగులు టీకా), రెండో వారంలో గంబోరో జబ్బు టీకా, తర్వాత మళ్లీ లసోటా, మీ డాక్టర్ చెప్పిన తేదీల్లోనే పడాలి.

కొమ్మ నరకడం

ముదురాకు వద్దు. పసుపు తిరిగిన ఆకులో పీచు పెరుగుతుంది, ప్రోటీన్ తగ్గుతుంది. కొమ్మ కొట్టిన తర్వాత 40, 45 రోజులకు వచ్చిన లేత చిగురు, పచ్చటి ఆకు బాగుంటుంది. చెట్టును ఛాతీ ఎత్తులో కొట్టుకుంటూ పోతే నిచ్చెన అవసరం లేకుండా మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. ఆషాఢంలో మనం మునగాకు వండుకుని తినే రోజుల్లోనే చెట్టు మంచి చిగురు మీద ఉంటుంది, కానీ అప్పుడే వానలు. ఎండబెట్టడం కష్టం. నేను ఎక్కువ భాగం దసరా తర్వాత నుంచి ఫిబ్రవరి లోపు చేసుకుంటాను.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మన దగ్గర గట్టుకు ఒకవైపు పత్తి, ఇంకోవైపు మిర్చి. రెండిటికీ మందు కొట్టని వారం ఉండదు. గాలికి ఆ మందు తుంపర గట్టు మీది మునగ మీద పడుతుంది. పక్క చేను రైతు ఎప్పుడు కొట్టాడో అడగకుండా ఆ ఆకు కోయకండి. వానాకాలంలో మునగకు గొంగళిపురుగు పట్టినప్పుడు చెట్టుకే మందు కొట్టి ఉంటే ఆ విడత ఆకును పూర్తిగా వదిలేయండి, కొత్త చిగురు వచ్చాక చూసుకోవచ్చు. నేను ఇప్పుడు పత్తి గట్టు మీది చెట్లను ముట్టుకోను. బావి దగ్గర, పెరట్లో ఉన్నవే వాడతాను.

ఒలవడం, ఆరబెట్టడం

ఒక్కో ఆకు దూస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు కూరకు చేసే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. సాయంత్రం కోసిన రెమ్మలను నీళ్లలో ఒకసారి జాడించి, నీరు కారిపోయాక పాత చీరలో వదులుగా మూట కట్టి నీడలో ఉంచండి. పొద్దున మూట విప్పి రెమ్మను పట్టుకుని దులిపితే ఆకులు జలజలా రాలిపోతాయి, ఈనె మాత్రమే చేతిలో మిగులుతుంది. మూట చిన్నదిగా ఉండాలి. పెద్ద గోనెసంచిలో కుక్కితే లోపల వేడెక్కి ఆకు నల్లబడుతుంది, పులిసిన వాసన వస్తుంది. అలా నల్లబడిన ఆకు ఎరువు కుప్పకే.

రాలిన ఆకును గాలి ఆడే నీడలో, చాపల మీద లేదా పాత దోమతెర పరిచి, రెండు వేళ్ల మందానికి మించకుండా పరచండి. రోజుకు రెండు మూడు సార్లు తిరగేయాలి. నేరుగా ఎండలో వేస్తే త్వరగా ఎండుతుంది కానీ పచ్చదనం పోయి గడ్డి రంగు వస్తుంది. రంగుతో పాటు కెరోటిన్ కూడా పోతుంది. చలికాలంలో మూడు నాలుగు రోజులు పడుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో ఫ్యాన్ పెట్టండి. వరసగా వాన పడుతుంటే అసలు మొదలే పెట్టవద్దు.

ఎండిందా లేదా తెలుసుకోవడానికి నేను చేసేది ఇది. గుప్పెడు ఆకు తీసుకుని నలిపితే అప్పడంలా చిటపటలాడుతూ పొడి కావాలి, మెత్తగా మడత పడకూడదు. తర్వాత అదే ఆకును ఒక గాజు సీసాలో సగం దాకా పోసి, మూత బిగించి గంటసేపు ఎండలో పెట్టండి. సీసా లోపలి గోడకు చెమ్మ పట్టిందంటే ఇంకా ఆరలేదు. పట్టకపోతే మిల్లుకు పంపవచ్చు. తేమ 10 శాతం లోపు ఉండాలన్నది మన లక్ష్యం. ఇక్కడ తొందరపడితే బూజు వస్తుంది. బూజుతో వచ్చే అఫ్లాటాక్సిన్ కోళ్ల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణాల్లో కోళ్ల దాణాకు దాని హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు. కంటికి కనపడని మోతాదు అది. అందుకే కాస్త బూజు వాసన వచ్చినా సంచి మొత్తం పారేయాలి, “కొంచెమే కదా” అని మంచి దాణాలో కలిపేయకూడదు.

ఆడించడం, దాచడం

ఆకు మాత్రమే ఒలిచి తూస్తే 4, 5 కిలోల పచ్చి ఆకుకు కిలో పొడి వస్తుంది. ఊరి గిర్నీలో ఆడిస్తే పసుపు, కారం ఆడించిన రాయి మీద కాకుండా మక్కలు ఆడించేదాంట్లో వేయించండి. మరీ పిండిలా మెత్తగా వద్దు. రవ్వ కంటే కొంచెం మెత్తగా ఉంటే చాలు. మెత్తటి పొడి గాలికి లేచి షెడ్డులో దుమ్ము చేస్తుంది, కోడి ముక్కుకు కూడా అంటుకుంటుంది. ఈనెలు మిగిలితే జల్లెడ పట్టి తీసేయండి, పీచంతా అందులోనే ఉంటుంది.

లోపల పాలిథిన్ సంచి, బయట గోనెసంచి. కింద చెక్క వేసి, గోడకు ఆనకుండా, చీకటి గదిలో పెట్టండి. రెండు నెలల్లో వాడేయాలి. సంచి మీద ఆడించిన తేదీ రాసుకోండి.

500 కోళ్లకు ఎంత కావాలో లెక్క చూద్దాం. 15వ రోజు నుంచి అమ్మకం దాకా ఒక్కో కోడి సుమారు 3 కిలోల దాణా తింటుంది. అంటే 1,500 కిలోలు. అందులో 3 శాతం అంటే 45 కిలోల పొడి. దానికి ఒలిచిన పచ్చి ఆకు సుమారు 200 కిలోలు. కొమ్మలతో కలిపితే ట్రాక్టర్‌లో వేసేంత. రెండు మూడు చెట్లతో ఇది తీరదు. ఆకు కోసమే దగ్గర దగ్గరగా విత్తుకున్న మునగ మడి ఉండాలి, లేదా 100 కోళ్లతో సరిపెట్టుకోవాలి.

మిగతా ఆకులు

సుబాబుల్ ఆకులోనూ ప్రోటీన్ బాగానే ఉంది. కానీ అందులో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది, అది కోడి పెరుగుదలను ఆపుతుంది. నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఎండబెడితే తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఆరు వారాల బ్రాయిలర్‌కు ఆ రిస్క్ ఎందుకు? మేకలకు వేసుకోండి. గట్ల మీది గ్లిరిసిడియా పచ్చిరొట్టకు మంచిది, కోళ్లకు వద్దు. అజొల్లాలో 90 శాతం పైన నీళ్లే. పెరట్లో తిరిగే నాటుకోళ్లకు పచ్చిగా వేస్తే ఇష్టంగా తింటాయి, బ్రాయిలర్‌కు మాత్రం కడుపు నింపే నీళ్లే అవుతుంది.

దాణాలో లెక్క

ఈ పని మొత్తానికి ప్రాణం ఇక్కడుంది. బీఐఎస్ ప్రమాణం ప్రకారం ఫినిషర్ దాణాలో, అంటే అమ్మకానికి ముందు చివరి దశలో పెట్టే దాణాలో, ప్రోటీన్ 20 శాతం, శక్తి 3,200 కిలో కేలరీలు ఉండాలి. మనం ఊళ్లో కలుపుకునే దాణా దానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నేను వాడే మామూలు ఫినిషర్ 100 కిలోలకు ఇలా ఉంటుంది: మక్కలు 61 కిలోలు, సోయా చెక్క 30, నూనె 5, మిగతా 4 కిలోలు డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), సున్నపురాయి పొడి, ఉప్పు, విటమిన్ మినరల్ మిక్చర్, లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు లాంటివి.

ఇందులో 3 కిలోల మునగాకు పొడి చేర్చాలంటే మొత్తం సోయాలోంచే తీయకూడదు. సోయా కిలోన్నర, మక్కలు కిలోన్నర తీయాలి. అప్పుడు పోయిన ప్రోటీన్, వచ్చిన ప్రోటీన్ దాదాపు సమానం: తీసిన వాటిలో 825 గ్రాములు, 27 శాతం లెక్కన ఆకులో 810. కానీ శక్తి దగ్గర లోటు పడుతుంది. తీసిన వాటిలో సుమారు 8,300 కిలో కేలరీలు పోయాయి, ఆకుతో 6,000 వచ్చాయి. ఆ 2,300 లోటు పూడ్చడానికి ఇంకో 400 గ్రాముల మక్కలు తీసి ఆ స్థానంలో 400 గ్రాముల నూనె వేయాలి.

మారిన లెక్క ఇదీ:

మక్కలు 59.1 కిలోలు
సోయా చెక్క 28.5 కిలోలు
మునగాకు పొడి 3 కిలోలు
నూనె 5.4 కిలోలు
మిగతావి 4 కిలోలు

ఆకులోని ప్రోటీన్ సోయాలో ఉన్నదంత బాగా అరగదు. అందుకని 100 కిలోలకు లైసిన్ 20 గ్రాములు, మిథియోనిన్ 10 గ్రాములు అదనంగా వేస్తాను. ఆకులో కాల్షియం ఉంది కాబట్టి సున్నపురాయి పొడి 150 గ్రాముల దాకా తగ్గించుకోవచ్చు. మీ దాణా లెక్క నాదానికి తేడాగా ఉంటే వరంగల్ దగ్గర మామునూరులోని పశువైద్య కళాశాలకో, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రానికో మీ కాగితం పట్టుకెళ్లి చూపించండి. ఊహతో మార్చవద్దు.

3 శాతం దగ్గర ఆగిపోవడం నా అలవాటు. 5 దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. అది దాటితే బ్రాయిలర్ తూకం తగ్గే ప్రమాదమే ఎక్కువ.

కలపడం

3 కిలోల పొడిని నేరుగా 100 కిలోల కుప్ప మీద పోస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. ముందు ఆకు పొడి, లైసిన్, మిథియోనిన్, మినరల్ మిక్చర్, ఉప్పు అన్నీ కలిపి 10 కిలోల మక్కపిండిలో వేసి ఒక తట్టలో బాగా కలియబెట్టండి. అది మొత్తం ఒకే లేత ఆకుపచ్చ రంగుకు వచ్చాక సోయా చెక్కలో కలపండి. ఆఖరున మిగిలిన మక్కలకు నూనె పట్టించి, రెండు కుప్పలూ పారతో మూడుసార్లు అటు ఇటు తిరగేయండి. నూనె పట్టిన మక్క నూకకు ఆకు పొడి అంటుకుంటుంది, ఫీడర్ అడుగుకు జారిపోదు. నూనె ఎక్కడైనా ఉండలు కట్టిందేమో చేత్తో నలిపి చూడండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మొదటి 14 రోజులు పిల్లలకు ఆకు పొడి అసలు వద్దు. అప్పుడు వాటి పేగులు లేతగా ఉంటాయి, ఆ వయసులో పడిన దెబ్బ ఆ తర్వాత కోలుకోదు. 15వ రోజు 1 శాతంతో మొదలుపెట్టి, రెండు రోజులకు 2, మరో రెండు రోజులకు 3 చేయండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు వెళ్లినప్పుడు నేను ఆకు పూర్తిగా మానేస్తాను. పీచు ఎక్కువున్న మేత తిన్నప్పుడు ఒంట్లో వేడి పెరుగుతుంది. అసలే కోళ్లు రొప్పుతూ ఉంటాయి, ఆ సమయంలో ఇది వద్దు.

ఆకు మొదలుపెట్టాక రెట్ట కొంచెం పచ్చగా కనిపిస్తుంది. దానికి కంగారు అక్కర్లేదు. కానీ ఇదే ప్రమాదం కూడా. కొక్కెర తెగులులో కూడా పచ్చటి విరేచనాలు అవుతాయి. రెట్ట పచ్చగా ఉండి కోడి చురుగ్గా తింటుంటే అది ఆకు రంగు. రెట్ట పచ్చగా ఉండి, కోళ్లు ముడుచుకుని కూర్చున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, మెడ తిరుగుతున్నా, ఉన్నట్టుండి చావులు మొదలైనా “మునగాకు వల్లే” అనుకుని ఒక్క పూట కూడా ఆగవద్దు. వెంటనే డాక్టర్‌ను పిలవండి. పక్క ఊళ్లో ఒక రైతు అలా రెండు రోజులు ఆగి సగం షెడ్డు పోగొట్టుకున్నాడు. ఆ షెడ్డు ముందు నిలబడ్డప్పుడు నాకు మాట రాలేదు.

తూకం వేసి తేల్చుకోండి

మొదటిసారి మొత్తం షెడ్డుకు పెట్టవద్దు. షెడ్డు మూలలో జాలితో రెండు గదులు కట్టండి. ఒక్కో గదిలో 50 కోళ్లు, ఒకే రోజు దిగిన పిల్లలు, ఒకే రకం నీళ్లు, ఒకే రకం ఊక. ఒక గదికి మామూలు దాణా, ఇంకో గదికి ఆకు కలిపింది. వేసిన ప్రతి కిలో, ఫీడర్‌లో మిగిలిన ప్రతి కిలో నోటుపుస్తకంలో రాయండి. వారానికి ఒకసారి, పొద్దున మేత వేయకముందే తూకం.

లెక్క ఎలాగంటే, 14వ రోజు సగటు 450 గ్రాములు, 35వ రోజు 1,900 గ్రాములు ఉందనుకుందాం. ఒక్కో కోడి 1.45 కిలోలు పెరిగింది, 50 కోళ్లకు 72.5 కిలోలు. ఈ మూడు వారాల్లో అవి తిన్నది 125 కిలోలైతే 125ను 72.5తో భాగించండి. 1.72 వస్తుంది. అంటే కిలో బరువుకు 1.72 కిలోల మేత. రెండు గదులకూ ఇలా తీయండి. ఆకు గదిలో ఈ అంకె 0.05 పెరిగినా దాణాలో మిగిల్చిన రూపాయలు అక్కడే పోతాయి.

ఇక డబ్బు లెక్క. ఉదాహరణకు సోయా చెక్క కిలో 45 రూపాయలు, మక్కలు 23, నూనె 120 అనుకుందాం. ఈ అంకెల చోట మీ ఊరి ధరలు వేసుకోండి, మక్కల ధరకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక ఫోన్ చేస్తే చాలు. 100 కిలోల దాణాలో తీసిన కిలోన్నర సోయాకు 67 రూపాయల 50 పైసలు, 1.9 కిలోల మక్కలకు 43 రూపాయల 70 పైసలు మిగిలాయి. మొత్తం సుమారు 111. అందులో నూనెకు 48 పోతే 63. అదనంగా వేసిన లైసిన్, మిథియోనిన్ ఖర్చు కూడా తీస్తే ఇంకొంచెం తగ్గుతుంది. ఆ మిగిలింది 3 కిలోల ఆకు పొడికి పంచితే కిలోకు 20 రూపాయలు కూడా పడదు. కోత కూలి, గిర్నీ, సంచి అన్నీ కలిపి మీ పొడి కిలో 20 దాటిందా, ఆ నెల ఆకు పొడి చేయకండి. చెట్టు మీద ఆకు ఎక్కడికీ పోదు. సోయా చెక్క 70కి చేరిన రోజు ఇదే లెక్క మళ్లీ వేయండి, అప్పుడు కిలో పొడికి 30 రూపాయల దాకా ఖర్చు పెట్టినా గిట్టుబాటు అవుతుంది.